మార్చినవారి పేరు

హైదరాబాదు,
12 జూలై 2003

నాగప్పన్నకు,

పెంచల రాస్తున్నాను. నేను కులాసాగానే ఉన్నాను. హాస్టల్లో నీళ్లు రెండు రోజులకోసారి వస్తున్నాయి, అంతకు మించి కష్టమేమీ లేదు. ఫోన్ చేస్తే నీ షాపులో ఎవరో ఒకరు ఉంటారు, నువ్వు ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప ఇంకో మాట అనవు. అందుకే ఉత్తరం. దీంతో పాటు ఒక సీడీ పెట్టాను. వంచకుండా కవరు చింపు.

పోయిన ఎన్నికలప్పుడు నాయన మందను సింహాద్రిపురం పక్క చేన్లలో వదిలి, బస్సెక్కి ఓటుకు వచ్చాడు గుర్తుందా? జాబితాలో చెన్నయ్య అనే పేరు లేదన్నారు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్న నాడు మన దిన్నెకొట్టాలలో మగవాళ్లంతా గొర్రెల వెంట ఉన్నారు. ‘ఊర్లో లేరు’ అని రాసుకుని పోయారు. “నేను ఈడ్నే నిలబడుండాను గదప్పా, లేనంటావేంది?” అని నాయన ఆ ఉద్యోగిని అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆయన తలెత్తి కూడా చూడలేదు.

ఈ సీడీలో ఉన్నది దానికోసమే. ఆఫీసు లేని ఆదివారాలు ఆరు నెలలు పెట్టి రాసిన ప్రోగ్రాము. పేరు ‘హాజరు’. ఊరి ఓటర్ల జాబితా ఇందులోకి ఎక్కించి పెట్టుకుంటే ఏ ఇంట్లో ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు వెంటనే తెలుస్తుంది. లేనివాళ్లకు చేర్పు దరఖాస్తు కూడా అదే అచ్చువేసి ఇస్తుంది. నీ డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికల మధ్య కాస్త తీరిక చేసుకుని మన ఊరి జాబితా టైపు చెయ్యి.

ఇంకొక మాట, దీన్ని శ్రద్ధగా చదువు. దీన్ని నేను అమ్మడం లేదు. జీపీఎల్ అనే లైసెన్సు కింద అందరికీ వదిలేస్తున్నాను. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, ఎన్ని కాపీలైనా తీసి పంచవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. నేను రాసిన కోడంతా అందులోనే ఉంది, దాపరికం లేదు. షరతులు రెండే. మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేవాళ్లు, తమ కోడును కూడా ఇదే స్వేచ్ఛతో ఇవ్వాలి, తాళం వెయ్యకూడదు. ఏ తేదీన ఎవరు మార్చారో అందులో పేరుతో సహా రాయాలి.

అమ్మ మోకాళ్ల నొప్పికి నూనె పంపాను. అత్తకో పిన్నమ్మకో ఇచ్చేయకుండా నువ్వే చూసుకో.

నీ చెల్లెలు,
పెంచలమ్మ


జమ్మలమడుగు,
3 ఆగస్టు 2003

పెంచలూ,

సీడీ వంగకుండా చేరింది. నూనె మాత్రం అమ్మ సగం ఎదురింటామెకు పోసింది. నేనేం చెయ్యను?

నువ్వు చేసింది చూసి షాపులో నలుగురి ముందు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మన ఊరిది, పక్కనున్న నాలుగు కొట్టాల పల్లెలవి జాబితాలు వారం రోజుల్లో ఎక్కించాను. ప్రొద్దుటూరు నుంచి కమాల్ బాషా వచ్చి సాయం చేశాడు. నాతో పాటు కంప్యూటర్ కోర్సు చదివినవాడు, ఇప్పుడు రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఇంటిపేరుతో వెతికే పద్ధతి లేదని, రెండు రోజులు కూర్చుని అది తనే రాసి చేర్చాడు. నీ షరతు ప్రకారం తన పేరూ తేదీ కూడా రాశాడు. “మీ చెల్లెలు కోడు శానా శుభ్రంగా రాస్తాది నాగప్పా, చదువుతాంటే ఎదురుగా కూచోని చెప్పినట్టుంటాది” అన్నాడు. ఆ మార్పు ఈ కవరులో ఫ్లాపీ మీద పంపుతున్నాను.

ముప్పై ఒక్క పేర్లు లేవని తేలింది. అందరికీ దరఖాస్తులు ఇచ్చాం. నాయన పేరు కూడా చేరింది. ఆ కాగితం చూపిస్తే, “ఇంత పని చేసి ఉత్తపున్నానికి ఇస్తాందా పాప?” అని మూడుసార్లు అడిగాడు. తర్వాత మందలోకి పోయి ప్రతి గొర్రెలకాపరికీ చెప్పాడట.

మొన్న పెద్దాయన మనుషులు ఇద్దరు షాపుకు వచ్చి చూసి పోయారు. పెద్దాయన అంటే మా వీధిలో పార్టీ ఆఫీసు ఉన్నాయన, నీకు తెలుసు. వాళ్లూ ఒక కాపీ అడిగారు. ఎవరికైనా ఇవ్వవచ్చని నువ్వే రాశావు గనక ఇవ్వనా?

నాగప్ప


హైదరాబాదు,
19 ఆగస్టు 2003

అన్నా,

కమాల్ బాషాగారి మార్పు నేను రాసినదానికంటే బాగుంది. నేరుగా కలిపేశాను. ఆయన అడ్రసు పంపు, నేనే ఉత్తరం రాస్తాను. ముఖం చూడని మనిషి మన పనిని చదివి, దాన్ని మెరుగుపరిచి తిరిగి మన చేతిలో పెడితే ఎలా ఉంటుందో ఇదివరకు నాకు తెలియదు.

పెద్దాయన మనుషులకు ఇవ్వు. అవతలి పార్టీ వాళ్లడిగినా ఇవ్వు. వీళ్లకు ఇచ్చి వాళ్లకు ఇవ్వనంటే నా లైసెన్సుకు అర్థం లేదు. మన కొట్టాలవాళ్లు ఎప్పుడూ పెద్దాయనకు ఎదురు ఓటే వేస్తారని ఆయనకూ తెలుసు. అయినా జాబితా సక్రమంగా ఉంటే ఎవరికైనా మంచిదే కదా.

ఈసారి సీడీలో కొత్త గడి ఒకటి చేర్చాను: ‘మందతో పోయినవారు’. ఎవరు ఏ నెలలో పోతారు, ఎప్పుడు తిరిగి వస్తారు, ఇంట్లో ఎవరికి కబురు చెయ్యాలి. లెక్కలు రాసుకునేవాళ్లు వస్తే ఇంట్లోవాళ్లు ఆ కాగితం చూపించి, ‘వీళ్లు వలసపోలేదు, మేపుకు పోయారు’ అని చెప్పుకోవచ్చు. నాయనను అడిగి అందరివీ నింపు. ఆయనకు ఏ మంద ఏ చేలో ఉందో నోటికే వచ్చు.

పెంచల


జమ్మలమడుగు,
8 అక్టోబరు 2003

పెంచలూ,

ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. షాపు మార్చాను. పాత గదిలో వాన కురుస్తోంది. ఇప్పుడు పార్టీ ఆఫీసు కిందనే కొత్త గది. కరెంటు పోయినా జనరేటరు ఉంటుంది. పోయిన బందులో నా షట్టరు విరగ్గొట్టారు గదా, ఇక్కడైతే ఆ భయం లేదు.

నాయన చెప్పినవన్నీ గడిలో నింపాను. అయిదు కొట్టాలవి కలిపి నూటయాభైకి దగ్గరగా వచ్చారు.

షాపుకు వచ్చినవాళ్లు కంప్యూటరు కెలుకుతున్నారు. ప్రోగ్రాముకు పాస్‌వర్డ్ పెట్టడం ఎట్లాగో వివరంగా రాసి పంపు. అమ్మ బాగుంది. ఈశ్వరమ్మ పెద్దమ్మ నీకేదో సంబంధం చెప్పింది, పిల్లవాడు పులివెందులలో లెక్చరరట. రమ్మంటావా, వద్దంటావా?

నాగప్ప


హైదరాబాదు,
4 డిసెంబరు 2003

అన్నా,

పాస్‌వర్డ్ సంగతి పోయిన నెల రాసి పంపాను, చేరిందనుకుంటాను. లెక్చరరును ఇప్పుడే రమ్మనవద్దు.

ఒక విషయం నిన్ను అడగాలి. కమాల్ బాషాగారు రాశారు. ఆయన దగ్గరికి రిపేరుకు వచ్చిన ఒక కంప్యూటరులో ‘విజయం’ అనే ప్రోగ్రాము ఉందట. పాస్‌వర్డ్ వేసి ఉంది, కోడు ఎక్కడా లేదు, రాసినవాళ్ల పేర్లు లేవు. కానీ తెర మీద ‘తండ్రి / భర్త పెరు’ అని ఉందట. ‘పేరు’కు బదులు ‘పెరు’ అని మొదటి సీడీలో నేనే తప్పు రాశాను, రెండో సీడీలో దిద్దుకున్నాను. అదే తప్పు అక్కడ ఎలా ఉంటుంది? అది మన హాజరే అన్నా. ఎవరో మన పేర్లన్నీ తుడిచేసి, తాళం వేసి పంచుతున్నారు.

వాడుకున్నందుకు నాకు బాధ లేదు. వాడుకొమ్మనే ఇచ్చాను. అందరిదీ అని వదిలినదాన్ని ఒకరు తమదని గదిలో పెట్టి తాళం వేసుకోవడమే మింగుడుపడటం లేదు. ఎవరి పని అయ్యుంటుంది? నువ్వు అక్కడే ఉన్నావు, కాస్త విచారించు.

పెంచల


జమ్మలమడుగు,
15 డిసెంబరు 2003

పెంచలూ,

విచారించాను. నాకు తెలిసి ఎవరూ లేరు.

ఒక్క మాట చెబుతాను, నొచ్చుకోవద్దు. ఆ మొదటి సీడీ నా దగ్గర, కమాల్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పెద్దాయన మనుషులకు నేనిచ్చింది నువ్వు తర్వాత పంపిన సీడీ. కోడు చదివి మార్చగలిగినవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే. అతని షాపుకు రెండు పార్టీలవాళ్లూ వస్తారు. తానే చేసి, ఎవరో చేశారని ముందుగా నీకు తానే రాసి ఉండవచ్చు గదా. నేను అన్నానని అతనితో అనవద్దు. ఒకే ఊళ్లలో తిరిగేవాళ్లం.

నాగప్ప


హైదరాబాదు,
6 జనవరి 2004

అన్నా,

నీ మాట నమ్మి కమాల్ బాషాగారికి రాశాను. నీ పేరు ఎత్తలేదు. ‘మిమ్మల్ని నమ్మి నా కోడు మీ చేతిలో పెట్టాను, ఇది మీరే చేశారని నాకు తెలుసు’ అని రాశాను. ఇంకా చాలా రాశాను. ఇప్పుడు తలచుకుంటే మొహం చెల్లడం లేదు, అంత కోపంగా రాశాను.

జవాబుగా నా సీడీ తిరిగి వచ్చింది. ఒక చిన్న కాగితం: ‘మేడమ్, నా మార్పు మీ ప్రోగ్రాములో ఉండటం మీకు ఇష్టం లేకపోతే తీసెయ్యండి. నిజం మాత్రం కనుక్కోండి.’ అంతే.

తప్పు చేసినవాడు అలా రాస్తాడా అన్నా? మూడు రోజులుగా నాకు ఏమీ తోచడం లేదు.

పెంచల


హైదరాబాదు,
2 ఫిబ్రవరి 2004

నాగప్పకు,

కమాల్ బాషా నిన్న హైదరాబాదు వచ్చాడు. విడిభాగాలు కొనడానికి వచ్చి, మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చి, ఒక కట్ట నా బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. “నా మీద పడిన మాట నేనే కడుక్కోవల్ల గదా, అందుకే తెచ్చినా” అన్నాడు.

ఆ కట్టలో ఉన్నవి ఫారం ఏడు నకళ్లు. జాబితాలోంచి పేరు తీసెయ్యమని ఇచ్చే అర్జీలు. నూట నలభై మూడు. అన్నీ ఒకే అచ్చు, ఒకే అక్షరాలు, ఒకే కారణం: ‘ఊర్లో లేరు, శాశ్వతంగా వలసపోయారు.’ పేర్ల వరుస కూడా నాకు తెలిసినదే. అది ‘మందతో పోయినవారు’ గడిలోని వరుస. నాయన నోటితో చెప్పగా నువ్వు నింపిన వరుస. నేను ఆ గడి రాసింది వాళ్ల పేర్లు నిలపడానికి.

అర్జీదారు సంతకం చూశాను. పదో తరగతి మార్కుల కాగితం మీద నాయనకు బదులు నువ్వు పెట్టిన సంతకమూ ఇలాగే ఉంటుంది. పేరు ఎవరిదైనా చివరి అక్షరం తిప్పి కింద గీత లాగుతావు.

ఎనభై ఎనిమిదో కాగితం మీద చెన్నయ్య, తండ్రి నాగన్న, దిన్నెకొట్టాల అని ఉంది.

పాస్‌వర్డ్ ఎలా పెట్టాలో నీకు నేను నేర్పాను. కమాల్ బాషాను దొంగ అని నీ మాట మీద అన్నాను. ఆయన మాత్రం ఆ కంప్యూటరులో మిగిలిన ఒక అర్జీ అచ్చును పట్టుకుని, ఓటర్ల జాబితా చూసే కార్యాలయంలో నోటీసు బోర్డు దగ్గర నాలుగు రోజులు నిలబడి, అర్జీల నకళ్లు అడిగి తీసుకున్నాడు. నీకు చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే రాయి. ఫోన్ చెయ్యవద్దు.

పెంచలమ్మ


జమ్మలమడుగు,
11 ఫిబ్రవరి 2004

పెంచలూ,

దాచను. చేసింది నేనే.

మొదట వాళ్లు అడిగింది కాపీ ఒక్కటే, ఇచ్చాను. తర్వాత ఆఫీసులో పైకి పిలిచి కూర్చోబెట్టారు. ఇన్నేళ్లుగా ఆ వీధిలో నేను పోతుంటే ‘గొర్రెలోళ్ల పిల్లోడు’ అనేవారు. ఆ రోజు “రాప్పా కంప్యూటర్ నాగప్పా” అని పెద్దాయనే కుర్చీ చూపించాడు. నాకది చాలా ఇష్టమైంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. మూడు ఊళ్ల ఆఫీసులకు కాపీలు కావాలన్నారు. అవతలివాళ్లు చూడకూడదు, తాళం వెయ్యమన్నారు. వేశాను. పేర్లుంటే ఎవరు చేశారో తెలిసిపోతుందన్నారు. తీసేశాను.

ఆ తర్వాత ఒకరోజు అచ్చువేసిన ఫారాలు తెచ్చి సంతకం పెట్టమన్నారు. అడుగున ఉన్నది నా షాపు, పైన ఉన్నది వాళ్లు. “ఏందప్పా ఆలోచిస్తాండావు? యాడుండావో తెలుసు గదా” అన్నాడు ఒకాయన, నవ్వుతూనే. పోయినేడు ఆ నవ్వు తర్వాత కోవెలకుంట్ల రోడ్డులో ఒకాయనకు ఏమైందో నీకూ తెలుసు.

నాయన పేరు చూసుకోలేదని రాద్దామనుకున్నాను. చూశాను. ఆ ఒక్క కాగితం పక్కకు తీస్తే, ‘మీ నాయనది పక్కకు పెట్టినావు, ఊర్లో తక్కినోళ్లకూ చెప్పినావా ఏంది?’ అని వాళ్లు అడుగుతారు. అందుకని దాని మీద కూడా సంతకం పెట్టేశాను.

ఒకటి మాత్రం నిన్ను అడుగుతాను. ఎవరైనా వాడుకోవచ్చు, ఏ పనికైనా వాడుకోవచ్చు అని రాసింది నువ్వే గదా? మంచివాళ్లే వాడతారని ఏ నమ్మకంతో రాశావు? హైదరాబాదులో కూర్చుని అందరికీ అని రాసినంత సులభం కాదు, ఈడ అందరి మధ్యా బతకడం.

ఇంకో సంగతి. నువ్వు కొత్త సీడీ తెస్తున్నావని విన్నాను. మార్చినవాళ్ల పేర్లు రాయడం నీ షరతు. నా పేరు రాయవద్దు. అవతలి వర్గంవాళ్లు చూస్తే నన్ను బతకనివ్వరు. నీ కాళ్లు పట్టుకుంటాను.

నాగప్ప


హైదరాబాదు,
23 ఫిబ్రవరి 2004

నాగప్పకు,

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

ఏ పనికైనా అని రాసింది నేనే. ఒకసారి వదిలిన స్వేచ్ఛను వెనక్కి తీసుకోలేను, తీసుకోను కూడా. పెద్దాయన ఆఫీసు హాజరు వాడటం ఇప్పటికీ తప్పు కాదు. అబద్ధపు అర్జీ రాయడం తప్పు. అది ఏ లైసెన్సులోనూ లేదు, నీ చేతిలో ఉంది. కానీ ఎవరు ఎప్పుడు ఊర్లో ఉండరో ఒకచోట చేర్చి పెట్టిన గడి నాది. దాన్ని ఇంకొకరు ఎలా చదువుతారో నేను ఆలోచించలేదు. ఆ పాపం నాది, నీ మీద తొయ్యను. కొత్త ప్రోగ్రాములో ఆ గడి తీసేశాను.

దాని బదులు పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టి, మధ్యలో పోయిన పేర్లన్నీ చూపించే పని చేర్చాను. కమాల్ బాషాకు క్షమాపణ రాశాను. ఆయన ఆ సంగతి ఎత్తకుండా, సీడీలు పంపమన్నాడు. అరవై కాపీలు తీసి రెండు పార్టీల ఆఫీసులకూ, పత్రికలవాళ్లకూ, ప్రతి కొట్టానికీ ఇచ్చాడు. ఆయనా నాయనా మోటారు సైకిలు మీద మందల వెంట తిరిగి, కాపరుల చేత తిరిగి చేర్పు దరఖాస్తులు పెట్టించారు. గడువులోగా తొంభై ఏడు పేర్లు మళ్లీ ఎక్కాయి. నలభై ఆరు ఎక్కలేదు. నాయనది ఆ నలభై ఆరులో ఉంది. అందరివీ రాయించి, తనది చివర రాయించుకుందామని ఆగాడట.

చేసింది ఎవరో నాయనకు ఇంకా తెలియదు. కమాల్ బాషా చెప్పలేదు. నేనూ చెప్పను. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

నీ పేరు సంగతి. ఎవరి మార్పు ప్రోగ్రాములో ఉంటుందో వాళ్ల పేరే రాయాలి. నువ్వు మార్చినదాంట్లోంచి ఒక్క అక్షరం కూడా నేను తీసుకోలేదు. కాబట్టి నీ పేరు రాయాల్సిన పని లేదు. నిశ్చింతగా ఉండు.

పెంచలమ్మ


దిన్నెకొట్టాల,
9 మే 2004

పెంచలూ,

షాపు మూసేశాను. ఊర్లోనే ఉన్నాను. రెండు ఉత్తరాలు రాశాను, నీ దగ్గరినుంచి జవాబు లేదు. ఇది మూడోది.

పోలింగు నాడు నాయన తెల్లపంచె కట్టుకుని వరుసలో నిలబడ్డాడు. పేరు లేదన్నారు. పోయినసారి లాగా ఎదురడగలేదు. బయటికి వచ్చి వేపచెట్టు కింద కూర్చుని నన్ను పిలిచి, “నాగప్పా, నువ్వు సదువుకున్నోనివి. మన పేర్లు కొట్టేపిచ్చినోడు ఎవడో కనుక్కోని కలెక్టరుకు ఒక అర్జీ రాయి నాయినా” అన్నాడు. కాగితం కూడా తనే కొనుక్కొచ్చాడు.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని చెప్పేశాను. నేనే నాయనా అన్నాను.

తిట్టలేదు, కొట్టలేదు. “ఎంతమందివి పోయినాయి?” అని అడిగాడు. నలభై ఆరు అన్నాను. “నాకు చెప్తే సాలదు. ఇంటింటికీ పోయి చెప్పు” అని లేచాడు. అప్పటినుంచి నాతో మాట లేదు. అమ్మ అన్నం పెడుతుంది, ఆయన వచ్చేసరికి నన్ను లేపేస్తుంది.

నలభై ఆరు పేర్లు ఇరవై తొమ్మిది ఇండ్లవి. రోజుకు ఒకటి రెండు తిరుగుతున్నాను. ఒకచోట కుక్కను వదిలారు. బాలన్న మామ నా చొక్కా పట్టుకుని ఊపి ఊపి, చివరికి తనే ఏడ్చాడు. సంగతి పెద్దాయన ఆఫీసుకూ తెలిసింది. అడ్డరోడ్డు దగ్గర జీపు రెండుసార్లు ఆగి, నన్ను చూసి పోయింది. భయంగానే ఉంది. అయినా పోతున్నాను.

నిన్న ఓబులవ్వ ఇంటికి పోయాను. ఆమెది, ఇద్దరు కొడుకులదీ కలిపి మూడు పేర్లు. అంతా విని, లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

“మీ చెల్లెలికి తెలుసా?” అని అడిగింది.

తెలుసన్నాను.

“ఆ పాప ఏమనింది?”

జాబు రాయడం మానేసిందని చెప్పాను.

నాగప్ప